వేడి మీద స్టార్ట్ కాని ఇంజిన్: పాత కార్బురేటర్ కారు మీద ప్రాజెక్టు డైరీ

బండి 1960ల నాటిది. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, ఒకే కార్బురేటర్, బ్లాకు పక్కన కామ్‌తో కొట్టుకునే డయాఫ్రం పెట్రోల్ పంపు, పాయింట్లూ కండెన్సరూ ఉన్న డిస్ట్రిబ్యూటర్, 12 వోల్టుల బ్యాటరీ, నెగటివ్ ఎర్త్. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ హెడ్డుకు ఒకే పక్కన ఉన్నాయి. అంటే కార్బురేటర్ సరిగ్గా ఎగ్జాస్ట్ నెత్తిన కూర్చుంటుంది. ఇలాంటి అమరిక ఉన్న ఏ బండికైనా కింది పని చాలావరకు పనికొస్తుంది.

లక్షణం ఇది. చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే అందుకుంటుంది. నడిపి ఆపి, రెండు నిమిషాల్లోపు మళ్లీ తిప్పినా ఇబ్బంది లేదు. పది నిమిషాలు దాటాక తిప్పితే సెల్ఫ్ ఈడుస్తుంది, ఇంజిన్ అందుకోదు. గంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది.

ఈ జబ్బుకి సలహాలకు కొదవ లేదు. కాయిల్ మార్చమంటారు, పంపు మార్చమంటారు, పంపు మీద తడిగుడ్డ వేయమంటారు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టమంటారు. ఒక్కోటీ ఒక్కో లోపానికి నిజంగానే పనిచేస్తుంది. మన బండిలో ఉన్న లోపం ఏదో తేలేది మాత్రం అది మొరాయిస్తున్న ఆ కొద్ది నిమిషాల్లోనే. అందుకే ఇక్కడ ప్రతి పనికీ ముందూ వెనకా కొలతలు రాశాను.

పరికరాలు

మల్టీమీటర్, దానికి తగిలించే, వేడి కొలిచే థర్మోకపుల్ వైరు, 0 నుంచి 10 పీఎస్‌ఐ దాకా చూపే పెట్రోల్ ప్రెషర్ గేజ్, టైమింగ్ లైట్, కంప్రెషన్ గేజ్, ఫీలర్ గేజ్, స్పార్క్ టెస్టర్, టార్చిలైటు, స్లో మోషన్ వీడియో తీయగల ఫోన్. పెట్రోల్ మంటలకు పనికొచ్చే అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. ఇది లేకుండా మూడో దశ దాటి వెళ్లొద్దు.

1వ దశ: లోపాన్ని కావాలని రప్పించడం

1. ఇంజిన్‌ను పూర్తి వేడికి వచ్చేదాకా రోడ్డు మీద నడపాలి. ఊరికే ఐడిల్‌లో ఉంచితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అంత వేడెక్కదు.
2. థర్మోకపుల్ కొసను ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలవుండే గిన్నె) బయటి గోడకు అల్యూమినియం టేపుతో అంటించాలి.
3. ఆపగానే బానెట్ మూసేయాలి. వైరును అంచు నుంచి బయటికి తీసి చదువుకోవాలి.

బయటి గాలి 33 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజు వచ్చిన అంకెలు:

- ఆపిన క్షణం: ఫ్లోట్ చాంబర్ 46, పంపు 51, కాయిల్ 55
- 5 నిమిషాలు: 57, 60, 58
- 10 నిమిషాలు: 66, 66, 61
- 20 నిమిషాలు: 74, 69, 64
- 30 నిమిషాలు: 71, 66, 62
- 60 నిమిషాలు: 53, 50, 49

నడుస్తున్నప్పుడు కార్బురేటర్ చల్లగానే ఉంది. లోపల ఆవిరయ్యే పెట్రోల్, ఫ్యాన్ గాలి రెండూ దాన్ని చల్లబరుస్తాయి. ఆపగానే ఆ రెండూ పోతాయి, నీళ్ల ప్రవాహమూ ఆగిపోతుంది, ఎగ్జాస్ట్‌లో నిల్వ ఉన్న వేడంతా పైకి ఎక్కుతుంది. బండి మొరాయించే సమయం, ఫ్లోట్ చాంబర్ 65 దాటి ఉన్న సమయం ఇంచుమించు ఒకటే.

పెట్రోల్ ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరిగే ద్రవం కాదు. తేలిక భాగాలు 35, 40 డిగ్రీల నుంచే ఆవిరవడం మొదలుపెడతాయి, బరువైనవి 200 దాకా ఉంటాయి. 70 డిగ్రీలకు వచ్చేసరికి ఐదో వంతు నుంచి సగం దాకా ఎగిరిపోవచ్చు. ఎథనాల్ విడిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది కానీ, కొద్ది శాతం పెట్రోల్‌లో కలిస్తే తేలిక భాగాలతో జతకట్టి మిశ్రమం ఆవిరి పీడనాన్ని పెంచుతుంది. ఈ కాలపు ఇంజెక్షన్ బళ్లలో లైను 40 పీఎస్‌ఐకి పైనే ఉంటుంది కాబట్టి పెట్రోల్ అంత తేలిగ్గా మరగదు. మన ఫ్లోట్ చాంబర్ గాలికి తెరిచి ఉంటుంది. అక్కడ దాన్ని పట్టి ఉంచే పీడనం ఏమీ లేదు.

గాలి వేడి వేరుగా ఉన్న రోజున కొలిస్తే ఉత్త అంకెలు పోల్చకూడదు. తేడా రాసుకోవాలి. నా మొదటి తేడా 74 లోంచి 33 తీస్తే 41.

2వ దశ: సెల్ఫ్ ఎందుకు ఈడుస్తోంది

ఇంజిన్ అందుకోకపోవడం, సెల్ఫ్ నెమ్మదించడం రెండు వేర్వేరు లోపాలని ముందే అనుకోవడం మంచిది. నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లో గాలి లాగుడు తగ్గుతుంది, కాయిల్‌కి వోల్టేజీ తగ్గుతుంది. ఇది సరిచేయకుండా పెట్రోల్ వైపు ఏ పరీక్ష చేసినా ఫలితం నమ్మలేం.

వేగం కొలవడానికి క్రాంక్ పుల్లీ మీద చాక్‌పీసుతో గీత గీసి, స్లో మోషన్ వీడియో తీసి చుట్లు లెక్కపెట్టాను. చల్లగా 130 ఆర్‌పీఎం. వేడిగా 95. వేడి ఇంజిన్‌లో ఆయిల్ పలచబడుతుంది కాబట్టి సెల్ఫ్ ఇంకా తేలిగ్గా తిప్పాలి. ఇక్కడ తిరగబడింది.

మొదట టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం. సెల్ఫ్ కొట్టినప్పుడు మధ్యమధ్యలో ఇంజిన్ ఎదురు తన్నుతున్నట్టు ఆగి ఆగి తిరుగుతోంది. వాక్యూమ్ పైపు తీసి, కొస మూసి, టైమింగ్ లైట్ పెడితే 11 డిగ్రీల అడ్వాన్స్ ఉంది. ఈ ఇంజిన్ మాన్యువల్ ప్రకారం 6 ఉండాలి. రోడ్డు మీద లాగుడు బాగుండాలని ఎప్పుడో చెవితో పెట్టిన సెట్టింగ్ అది. 6కి తెచ్చాక తన్నుడు పోయింది. వేడి మీద వేగం 95 నుంచి 110కి వచ్చింది.

తర్వాత వోల్టేజీ ఎక్కడ పోతోందో చూడాలి. ఓం మీటరుతో ఈ పని కాదు. సెల్ఫ్ లాగే కరెంటు వందల యాంపియర్లు. అంత కరెంటు పారుతున్నప్పుడు మాత్రమే చిన్న నిరోధం బయటపడుతుంది.

1. కాయిల్‌కి వచ్చే సన్న వైరు తీసేయాలి. ఇంజిన్ అందుకోకూడదు.
2. మీటర్ ఒక కొస బ్యాటరీ పోస్టు మీద పెట్టాలి. క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే.
3. రెండో కొస తర్వాతి జాయింట్ మీద పెట్టి, ఇంకొకరిని మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టమనాలి.
4. జాయింట్ తర్వాత జాయింట్ జరుపుకుంటూ పోవాలి. సెల్ఫ్ ఎప్పుడూ పది సెకన్లకు మించి పట్టకూడదు. ప్రతిసారీ ఒక నిమిషం చల్లారనివ్వాలి.

వేడి మీద వచ్చిన నష్టాలు, వోల్టుల్లో:

- పాజిటివ్ పోస్టు నుంచి క్లాంపు: 0.05
- క్లాంపు నుంచి సోలనాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్): 0.25
- సోలనాయిడ్ లోపల: 0.45
- సోలనాయిడ్ నుంచి సెల్ఫ్: 0.10
- నెగటివ్ పోస్టు నుంచి బాడీ: 0.12
- బాడీ నుంచి ఇంజిన్ బ్లాకు: 0.31
- బ్లాకు నుంచి సెల్ఫ్ బాడీ: 0.02

మొత్తం 1.30. బ్యాటరీ దగ్గర 9.9 ఉంటే సెల్ఫ్‌కి చేరేది 8.6. పాజిటివ్ వైపు మొత్తం కలిపి అర వోల్టు, ఎర్త్ వైపు 0.2 లేదా 0.3 దాటితే పని ఉందని అర్థం.

ఎక్కువ నష్టం రెండు చోట్లే ఉంది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు వెనక్కి రావడానికి అల్లిక ఎర్త్ పట్టీ ఒక్కటే దారి. దాని లగ్గు కింద పెయింటు ఉంది, అల్లికలో సగం పోగులు పచ్చగా చిలుము పట్టాయి. ఇలాంటప్పుడు కరెంటు చోక్ కేబుల్ గుండా, యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ కేబుల్ తొడుగు గోరువెచ్చగా తగిలితే మీటర్ లేకపోయినా అనుమానించవచ్చు. పాత పట్టీ తీసేసి, బెల్ హౌసింగ్ బోల్టు కింద లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, అక్కడి నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి మందపాటి కేబుల్ వేశాను. బాడీకి వేరే పట్టీ ఉంచాను.

రెండోది సోలనాయిడ్. మార్చాక పాతదాన్ని కోసి చూశాను. లోపలి రాగి బిళ్ల ఒక అంచున నెలవంక ఆకారంలో నల్లగా కాలి, గుంటలు పడి ఉంది. మిగతా అంచు కొత్తదానిలా ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఆ కాలిన అంచుతోనే బండి నెట్టుకొచ్చేది. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. వేడికి సోలనాయిడ్ చుట్ట బలం తగ్గి, బిళ్ల గట్టిగా నొక్కుకోనప్పుడు ఈ గుంటలు ఇబ్బంది పెట్టాయి.

ఇప్పటిదాకా లెక్క, వేడి మీద:

- మొత్తం నష్టం: 1.30 నుంచి 0.57 వోల్టులు
- సెల్ఫ్ దగ్గర: 8.6 నుంచి 9.2 వోల్టులు
- వేగం: 95, టైమింగ్ తర్వాత 110, కేబుల్ తర్వాత 155 ఆర్‌పీఎం

బ్యాటరీ దగ్గర వోల్టేజీ 9.9 నుంచి 9.8కి తగ్గింది. కంగారు అక్కర్లేదు. దారి బాగుపడ్డాక సెల్ఫ్ ఎక్కువ కరెంటు లాగుతోంది.

ఇంజిన్ మాత్రం ఇంకా అందుకోలేదు.

3వ దశ: స్పార్క్, కంప్రెషన్

ఇక్కడ తొందరగానే తేలింది. హెచ్చరిక ఒక్కటే: కార్బురేటర్‌లోంచి పెట్రోల్ కారుతున్నప్పుడు బయట స్పార్క్ పరీక్ష చేయొద్దు. టెస్టర్‌ను పొడవాటి వైరుతో కార్బురేటర్‌కి దూరంగా పెట్టాలి.

మొరాయించిన సమయంలో స్పార్క్ నీలంగా, చప్పుడుతో వచ్చింది. కాయిల్ ప్రైమరీ చల్లగా 3.1 ఓంలు, 64 డిగ్రీల దగ్గర 3.5. గాలి వేడి 33 నుంచి 31 డిగ్రీలు పెరిగింది. 0.39 శాతం చొప్పున 12 శాతం. 3.1కి 12 శాతం కలిపితే 3.47. అంటే తీగ వేడికి పెరగాల్సినంతే పెరిగింది, లోపల తెగింపు లేదు. మంచి కాయిల్‌ను తీసి పారేయకుండా ఈ చిన్న లెక్క కాపాడింది.

పాయింట్ల గ్యాప్ 0.40 మి.మీ., సరిపోయింది. కండెన్సర్ 0.22 మైక్రోఫారడ్. మామూలు మీటర్ కండెన్సర్ వేడి మీద లీకవుతుందో లేదో చెప్పదు కాబట్టి కొత్తది వేసి చూశాను. ఆ కొత్తదానితో పావుగంట నడిచేసరికి స్పార్క్ పసుపు రంగుకి దిగి, మిస్సింగ్ మొదలైంది. పాతదే తిరిగి బిగించాను, మిస్సింగ్ పోయింది. కొత్త భాగం అనగానే మంచి భాగం అనుకోవద్దు. పాతదాన్ని డబ్బాలో దాచుకోవాలి.

వేడి కంప్రెషన్, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, ప్లగ్గులన్నీ తీసి: 148, 150, 146, 149 పీఎస్‌ఐ. టాపెట్లు వేడి మీద బిగుసుకుని వాల్వులు తెరుచుకునే ఉంటే ఈ అంకెలు పడిపోయేవి. ఆ అనుమానం కూడా తీరింది.

4వ దశ: పెట్రోల్ ఎక్కువైందా, తక్కువైందా

ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ సమయం తిన్నది ఇదే. సగం చికిత్సలు ఎక్కువైనదానికి, సగం తక్కువైనదానికి. తప్పు వైపు వెళితే బండి ఇంకా మొండికేస్తుంది.

1. ఎయిర్ క్లీనర్ తీయాలి. యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. టార్చితో కార్బురేటర్ గొంతులోకి చూడాలి.
2. ఒక ప్లగ్గు తీసి తడిగా ఉందో పొడిగా ఉందో చూడాలి.
3. అప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారి కదిపి, పంప్ జెట్ నుంచి పెట్రోల్ సన్నని ధారగా వస్తుందో లేదో చూడాలి.

ఆపిన 15 నిమిషాలకు చూస్తే, మెయిన్ నాజిల్ కొస నుంచి చుక్క చుక్కగా పెట్రోల్ కింది థ్రాటిల్ బిళ్ల మీద పడుతోంది. పడ్డ చోటల్లా ఆవిరి పొగలా లేస్తోంది. ప్లగ్గు తడి. ఇది ఎక్కువైన కేసు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, పంప్ చేయకుండా సెల్ఫ్ కొడితే తొమ్మిది సెకన్లకు నల్ల పొగతో స్టార్ట్ అయింది.

ఆపిన 35 నిమిషాలకు అదే పరీక్ష. నాజిల్ పొడిగా ఉంది. యాక్సిలరేటర్ కదిపితే పంప్ జెట్ తుంపర్లు ఉమ్మి ఆగిపోయింది. ప్లగ్గు పొడి. పూర్తిగా తొక్కి కొట్టినా ఫలితం లేదు. ఫ్లోట్ చాంబర్‌లోకి కొద్దిగా పెట్రోల్ పోస్తే వెంటనే అందుకుంది. ఇది తక్కువైన కేసు.

ఒకే బండి, ఒకే నిలుపుదల, ఇరవై నిమిషాల తేడాలో రెండు వ్యతిరేక లోపాలు. ఒక రోజు పనిచేసిన చిట్కా మరో రోజు ఎందుకు పనిచేయలేదో ఇక్కడ తెలిసింది. అప్పటిదాకా ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్ పడ్డాను. ఎక్కువైందన్నవాళ్ల మాటా, తక్కువైందన్నవాళ్ల మాటా నిజమే, గడియారం మాత్రం ఎవరూ చూడలేదు.

కారణం కోసం పంపుకీ కార్బురేటర్‌కీ మధ్య టీ ముక్కతో గేజ్ పెట్టాను. నడుస్తున్నప్పుడు 3.2 పీఎస్‌ఐ. ఆపిన ఐదు నిమిషాలకు 5.5. పంపు వాల్వు ఒక పక్క, ఫ్లోట్ చాంబర్‌లోకి పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వు మరో పక్క మూసి ఉంటే మధ్యలో చిక్కిన పెట్రోల్ వేడికి వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడికి నీడిల్ వాల్వు లేచి, చాంబర్ నిండి, నాజిల్ నుంచి పొంగుతుంది. తర్వాత చాంబర్‌లో ఉన్నది మరిగి ఎగిరిపోతుంది. లైనులో మిగిలింది ఆవిరి. ఆ ఆవిరిని డయాఫ్రం నొక్కుతుందే తప్ప ముందుకు పంపలేదు. పంపు మీద తడిగుడ్డ వేస్తే 35 నిమిషాల కేసులో చాంబర్ త్వరగా నిండింది, 15 నిమిషాల కేసులో ఏ తేడా లేదు. ఇది తడిగుడ్డ గురించిన పూర్తి నిజం.

5వ దశ: మార్పులు, ఒక్కోటి విడిగా

ఫ్లోట్ లెవెల్. మాన్యువల్ కన్నా 2 మి.మీ. ఎత్తులో ఉంది. ఫ్లోట్ నాలుక వంచి సరిచేశాను, నీడిల్ వాల్వు కొత్తది వేశాను. చుక్కలు తగ్గాయి, ఆగలేదు.

హోస్ మీద ఇన్సులేషన్ తొడుగు. ఫలించలేదు. నడుస్తున్నప్పుడు హోస్ రెండు మూడు డిగ్రీలు తగ్గింది. ఆపాక ఫ్లోట్ చాంబర్ అదే 74. పైగా గంట తర్వాత కూడా 57 ఉంది, ముందు 53 ఉండేది. తొడుగు వేడిని లోపలికి ఎంత ఆలస్యంగా రానిస్తుందో బయటికీ అంత ఆలస్యంగానే పోనిస్తుంది. తీసేసి, హోస్‌నే మానిఫోల్డ్‌కి దూరంగా తిప్పాను. పనిలో పనిగా పాత రబ్బరు హోస్ తీసి, ఎథనాల్ తట్టుకునే ఎస్‌ఏఈ జే30 ఆర్9 గ్రేడ్ వేశాను. పాతది మడిచిన చోట లోపలి పొర పగుళ్లిచ్చింది.

కార్బురేటర్ కింద ఫినాలిక్ (వేడిని అంతగా పోనివ్వని గట్టి రెసిన్) దిమ్మ, 10 మి.మీ. పనిచేసింది: 74 నుంచి 66. కానీ 10 మి.మీ. ఎత్తు పెరగడం చిన్న విషయం కాదు.

1. ముందు ఎయిర్ క్లీనర్ మీద మెత్తని మట్టిముద్ద పెట్టి బానెట్ మూసి తీయాలి. ముద్ద ఎంత మందం మిగిలితే అంత జాగా ఉన్నట్టు. నాకు 17 మి.మీ. మిగిలింది.
2. స్టడ్డులు పొట్టివైపోతాయి. పొడవాటివి సిద్ధం చేసుకోవాలి.
3. దిమ్మకు రెండు పక్కలా కొత్త ప్యాకింగ్.
4. నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. అతిగా బిగిస్తే కార్బురేటర్ అడుగు వంగి గాలి లాగుతుంది.
5. యాక్సిలరేటర్ లింకు రాడ్ కోణం మారుతుంది. పెడల్ అడుగుకి తొక్కినా థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోలేదు. రాడ్‌ను నాలుగు మరలు పొడిగించాక సరిపోయింది.

అల్యూమినియం వేడి తెర, మొదటి రూపం. 1.5 మి.మీ. రేకు, అట్టతో నమూనా కోసి గీసింది. దిమ్మకు పైన, కార్బురేటర్‌కి ఆనించి బిగించాను. 66 నుంచి 65. రేకు కింది నుంచి తగిలే వేడిని పట్టి నేరుగా కార్బురేటర్ అడుగుకే అందిస్తోంది.

రెండో రూపం. అదే రేకును దిమ్మకు కిందికి మార్చి, మానిఫోల్డ్‌కీ రేకుకీ మధ్య పలచని ఫినాలిక్ ప్యాకింగ్ వేశాను. ఎగ్జాస్ట్‌కీ రేకుకీ మధ్య 12 మి.మీ. గాలి సందు. అంచులు మడిచాను, లేకపోతే వణికి మోగుతుంది. 58 వచ్చింది. రేకు అదే, చోటు మాత్రమే మారింది.

రిటర్న్ లైను. కార్బురేటర్‌కి ముందు, లైనులో ఎత్తైన చోట టీ ముక్క. దాని పక్క కొమ్మలో 1.2 మి.మీ. రంధ్రం ఉన్న ఇత్తడి బిరడా. అక్కడి నుంచి పైపు ట్యాంకుకి. దగ్గర దారి కదా అని పంపు ఇన్‌లెట్‌లోకే కలిపే పద్ధతి ఒకటుంది. దానివల్ల వేడి పెట్రోలే మళ్లీ పంపులోకి తిరుగుతుంది, నేను అటు పోలేదు. నడుస్తున్నప్పుడు ప్రెషర్ 3.2 నుంచి 2.9కి దిగింది, ఎత్తు ఎక్కేటప్పుడు కూడా కొరత రాలేదు. ఆపిన నిమిషంలోపే గేజ్ సున్నాకి పడింది. నాజిల్ చుక్కలు పూర్తిగా ఆగింది ఈ మార్పుతోనే. ట్యాంకు మూత గాలిరంధ్రం మూసుకుపోయి ఉంటే ఇదంతా వృథా, ముందు అది చూడాలి.

ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టడం కూడా సరైన మార్గమే. వెనక నుంచి నెట్టే లైనులో ఆవిరి తక్కువ చేరుతుంది. కానీ దానికి ప్రెషర్ రెగ్యులేటర్, ప్రమాదంలో పంపు ఆగిపోయే స్విచ్ తప్పనిసరి. రిటర్న్ లైనుతో పని అయిపోయింది కాబట్టి దాని జోలికి వెళ్లలేదు.

లెక్క, ఆపిన 20 నిమిషాలకు

- మొదట్లో: ఫ్లోట్ చాంబర్ 74, స్టార్ట్ కాదు
- సెల్ఫ్ పని తర్వాత: 74, పూర్తిగా తొక్కితే 9 సెకన్లు
- దిమ్మ తర్వాత: 66, 7 సెకన్లు
- తెర రెండో రూపం తర్వాత: 58, 4 సెకన్లు
- రిటర్న్ లైను తర్వాత: 57, 2 సెకన్లు

గాలి వేడితో తేడా 41 నుంచి 24కి వచ్చింది. 35 నిమిషాల దగ్గర కూడా పంప్ జెట్ ఇప్పుడు నిండు ధారగా వస్తోంది.

6వ దశ: మిగిలినవి

ఇప్పుడు వేడి మీద పెడల్ పావు వంతు తొక్కి, కదపకుండా సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. మొదటి మూడు నాలుగు సెకన్లు ఐడిల్ కొద్దిగా తడబడుతుంది, తర్వాత సర్దుకుంటుంది. ఐడిల్ మిక్చర్ స్క్రూను కొత్త ఫ్లోట్ లెవెల్‌కి తగ్గట్టు ఇంకా సరిచేయాలి.

దిమ్మ వేసినవాళ్లు కొన్నాళ్లు నడిపాక ఆ నాలుగు నట్లు చల్లటి ఇంజిన్ మీద మళ్లీ చూసుకోవాలి. ప్యాకింగులు వేడికి కుదురుకుంటాయి. నావి పావు చుట్టు చొప్పున తీసుకున్నాయి. బిగించాక ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, దిమ్మ చుట్టూ సబ్బునీళ్లు కుంచెతో రాసి చూశాను. ఒక మూల నురుగు లోపలికి లాక్కుంది. అక్కడి ప్యాకింగ్ మార్చాక ఐడిల్ 50 ఆర్‌పీఎం దిగి నిలబడింది.